కుర్చీ ఉందా?

దెయ్యాలు రాత్రి పన్నెండు కొట్టాకే బయల్దేరతాయని ఎవరు పుట్టించారో గాని, వాళ్ళకి టైలరమ్మ ఇంటి సంగతి తెలియదు. అక్కడ అది మొదలైనప్పుడు గడియారంలో ఇంకా ఏడున్నర కూడా కాలేదు. పక్కింటావిడ అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టింది. వీధిలో పిల్లలు వానలో తడుస్తూ కేకలేస్తున్నారు. భయపడాల్సిన వేళే కాదది.

కాని ఆ రాత్రి సంగతి అర్థం కావాలంటే ముందు ఆ ఇల్లు తెలియాలి. ఇంటికంటే ముందు ఆ ఇంట్లో కుర్చీ తెలియాలి.

సందు చివర ఇల్లు. పొడుగాటి గది ఒకటి, దాన్ని ఆనుకుని వంటిల్లు, వంటింటి వెనక బాత్రూం. గదికి ఒక కొసన కిటికీ, కిటికీ కింద కాలితో తొక్కే కుట్టుమిషను. ఇంకో కొసన అమ్మ మంచం. టైలరమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించింది, అమ్మని చూసుకుంది, ఊరందరికీ బట్టలు కుట్టింది. అరవై దాటాక కూడా రోజుకి పది గంటలు మిషను తొక్కేది. గానుగెద్దుకైనా సాయంత్రం విప్పుతారు, నాకు అదీ లేదని తనే నవ్వేది.

అమ్మకి ఎనభై మూడు. ఒక కంటికి పొర తీశారు. రెండో కన్ను 'వచ్చే నెల చూద్దాం' దగ్గర ఆగిపోయింది. తమ్ముడు చేతికర్ర కొనుక్కొస్తే, "కర్రలు ముసలాళ్ళకి కదరా" అని తలుపు వెనక నిలబెట్టేసింది. ఆమె నడిచేది కళ్ళతో కాదు, చేతులతో. మంచం నుంచి బాత్రూం దాకా ఐదు పట్లు. మంచం పట్టె. బీరువా అంచు. కుర్చీ వీపు. వంటింటి గుమ్మం. బాత్రూం తలుపు. ఒకటి వదలకముందే ఇంకోదాని మీదికి చెయ్యి వెళ్ళిపోయేది. బీరువాకీ గుమ్మానికీ మధ్య నాలుగంగల ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఉండేదే కుర్చీ. నాన్న కాలం నాటి చెక్క కుర్చీ, పదిహేనేళ్ళుగా అదే చోట. అమ్మ చెయ్యి తగిలీ తగిలీ దాని వీపు పైఅంచు నల్లగా నున్నబడింది.

బడులు తెరిచే ముందు వారం వచ్చింది. యూనిఫారాల గుట్టలు. కుట్టిన చొక్కాలు పెట్టుకోడానికి చోటు లేక, టైలరమ్మ ఆ ఉదయం కుర్చీని మిషను పక్కకి లాక్కుంది. ఒక్క గంట. మళ్ళీ పెట్టేద్దామనే అనుకుంది. అందరూ అలాగే అనుకుంటారు.

అమ్మ లేచింది. మంచం పట్టె. బీరువా అంచు. ఆ తర్వాత చెయ్యి చాపింది. నమ్మకంగా, ఒళ్ళు బరువంతా ఆ చేతి మీద వేసి.

తడిబట్టల మూట జారిపడ్డ చప్పుడు.

టైలరమ్మ స్టూలు మీంచి లేచింది. అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆమె అమ్మ దగ్గరికి పరుగెత్తలేదు. ముందు కుర్చీ మీది చొక్కాలు కింద పడేసింది. కుర్చీని గచ్చు మీద గర్రుమని లాక్కెళ్ళి దాని చోట పెట్టింది. సరిగ్గా కుదిరిందో లేదో ఒకసారి చూసుకుంది. అప్పుడు అమ్మ పక్కన కూర్చుంది.

ముందు కుర్చీ. తర్వాత అమ్మ.

ఎందుకలా చేసిందంటే, తమ్ముడు ఏమంటాడోనన్న భయం కావచ్చు, ముప్ఫై ఏళ్ళుగా పడ్డ చాకిరీకి ఒక్క గంటలో మచ్చ పడుతుందన్న దిగులు కావచ్చు. చేతులు వాటంతటవే పని చేసేశాయి. నేల మీద పడి ఉన్న అమ్మ అంతా చూస్తూనే ఉంది. చూసి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రిలో డాక్టరు మణికట్టు ఎముక విరిగిందన్నాడు. "ఎలా పడ్డారు?" అని అడిగాడు.

"కళ్ళు తిరిగాయంటండీ," అంది టైలరమ్మ.

అమ్మ కూతురి వంక చూసింది. చాలాసేపు చూసింది. "ఆఁ... తిరిగాయి నాయనా," అంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం అతకడమే కొంప ముంచింది. డాక్టరు నమ్మాడు. నమ్మి, కళ్ళు తిరక్కుండా ఒక మాత్ర రాశాడు. అప్పటికే అమ్మ రోజుకి ఐదు మాత్రలు మింగుతోంది, ఇది ఆరోది. అది పడ్డాక అమ్మ నిజంగానే తూలడం మొదలెట్టింది. పొద్దున్న తొమ్మిదయినా మగత వదిలేది కాదు. రెండు నెలలు తిరక్కుండా వంటింటి గుమ్మం దగ్గర రెండోసారి పడింది.

అప్పుడు ఆసుపత్రి నుంచి ఒక ఫిజియో అమ్మాయి ఇంటికొచ్చింది. చేతిలో అట్టకి గుచ్చిన ఫారం. మంచి పిల్ల. అమ్మ చెప్పులు తిప్పి చూసింది. మంచం ముందు గుడ్డపట్టా తీసేయమంది. బాత్రూం బల్బు మార్చమంది. మాత్రల డబ్బా తెరిచి "ఇన్నా?" అని కళ్ళు పెద్దవి చేసింది. అమ్మని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది.

"ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడతారు ఆంటీ. పడతామేమోనన్న భయంతో కూడా పడతారు. భయానికి నడవడం మానేస్తారు, కాళ్ళలో బలం పోతుంది. అందుకే మొదటిసారి ఎలా పడ్డారో నాకు కరెక్టుగా తెలియాలి. ఇంట్లో వస్తువు ఏదైనా జరిపారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మా ఇంట్లో వస్తువులు ఎవరు జరుపుతారమ్మా?" అని టైలరమ్మ గొంతు పెంచింది.

అమ్మాయి ఫారంలో ఒక అడ్డగీత పెట్టింది. మంచం మీద అమ్మ చిన్నగా నవ్వింది. "మా అమ్మాయి దేన్నైనా దాని చోటులోనే పెడుతుంది తల్లీ," అంది.

ఆ తర్వాత అమ్మ ఏ పట్టునీ నమ్మలేదు. మంచం దిగేది, బీరువా దాకా వచ్చేది, ఆగిపోయేది. చెయ్యి చాపేది కాదు. గొంతు తగ్గించి, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు అడిగేది.

"అమ్మాయ్... కుర్చీ ఉందా?"

"ఉందమ్మా," అనేది టైలరమ్మ. మొదట్లో లేచొచ్చి, అమ్మ చెయ్యి తీసుకుని కుర్చీ మీద పెట్టేది. తర్వాత మిషను దగ్గర్నుంచే తలెత్తి చూసి చెప్పేది. తర్వాత తలెత్తడం కూడా మానేసింది. రోజుకి ఇరవైసార్లు. నిద్రలో లేపి మరీ. "ఉందమ్మా" కాస్తా "ఉందిలే" అయింది. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరముందో ముసలివాళ్ళకి బాగా తెలుసు.

ఒక సాయంత్రం టైలరమ్మ చొక్కాకి కాలరు కుడుతోంది. కాలరు మధ్యలో ఆపితే కుట్టు వంకర పోతుంది.

"అమ్మాయ్... కుర్చీ ఉందా?"

మిషను ఒక్క క్షణం ఆగింది. కుర్చీ దాని చోటే ఉంది. ఉందని చెప్పడానికి రెండక్షరాలు చాలు. కాని అది ఆ రోజుకి ఎన్నోసారో, టైలరమ్మలో ఏదో అడ్డం తిరిగింది. నా మాట మీద అంత నమ్మకం లేకపోతే అక్కడే నిలబడు, అనుకుంది. మళ్ళీ తొక్కింది.

అమ్మ ఇంకోసారి అడిగింది. ఇంకోసారి. బీరువా అంచు పట్టుకుని, జవాబు కోసం నిలబడే ఉంది. కాలరు సగంలో ఉండగా ఆమె మోకాళ్ళు వదిలేశాయి.

ఈసారి తుంటి. ఆపరేషను చేశారు. మంచంలోనే ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. నెల దాటకుండా అమ్మ పోయింది.

"ఎంత చెప్పినా వినేది కాదక్కా. ఆ కర్ర పట్టుకుంటే పోయేది కాదుగా," అన్నాడు తమ్ముడు. వచ్చినవాళ్ళందరితోనూ అదే అన్నాడు. అమ్మ మొండిది, అమ్మ తన చేతులారా తెచ్చుకుంది.

"అవున్రా," అంది టైలరమ్మ. ఆ ఒక్క మాటతో చచ్చిపోయిన అమ్మ మీద ఇంకో నేరం మోపింది. నిజం గొంతులో చేపముల్లులా దిగబడి, మింగలేక కక్కలేక మూడేళ్ళు గడిపింది.

సగం కుట్టిన ఆ చొక్కాని బీరువా అడుగున కుక్కేసింది. కుర్చీని మాత్రం ఆ మూడేళ్ళలో వెంట్రుకవాసి కదపలేదు. దాని నాలుగు కాళ్ళ చుట్టూ గచ్చు మీద టైలరు సుద్దతో గీతలు గీసింది. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా చెరిగిపోయేవి, ఆరాక మళ్ళీ గీసేది. ఆదివారాలు వచ్చే తమ్ముడు దాని మీద కూర్చోబోతే స్టూలు చూపించేది. "పాతసామానువాడికి పడేయక ఎందుకక్కా ఇది?" అంటే, "ఉండనీరా" అనేది.

ఇప్పుడు ఆమెకి అరవై నాలుగు. బీపీ మాత్ర ఒకటి, నిద్ర మాత్ర ఒకటి. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయి. కళ్ళజోడు మారి నాలుగేళ్ళు. ఈ మధ్య రెండుసార్లు తూలి గోడ పట్టుకుంది. ఎవరితోనూ అనలేదు. ఒంటరి మనిషి పడితే లేపేదెవరు? ఆ ఒక్క ఆలోచన మాత్రం పక్కలో పెట్టుకుని పడుకునేది.

ఆ సాయంత్రం వాన. మోకాళ్ళు సలుపుతుంటే పెందలాడే నిద్ర మాత్ర వేసుకుని, అమ్మ మంచం మీదే ఒరిగింది. అమ్మ పోయాక ఆ మంచమే తనదయింది. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. లేచేసరికి కరెంటు లేదు. కిటికీ చువ్వల మీద వాన తుంపర. మిషను నూనె వాసన, తడిగుడ్డల ముక్కిన వాసన. వాటి కింద ఇంకో వాసన సన్నగా ఉంది. నొప్పుల మందు వాసన. అమ్మ మోకాళ్ళకి రాసుకునేది. ఆ డబ్బా పారేసి మూడేళ్ళయింది.

బాత్రూంకి వెళ్ళాలి. దిగ్గున లేచి కూర్చుంది. లేవకూడదు అలా. తల తేలిపోయింది. మంచం పట్టె పట్టుకుంది. కాస్త కుదుటపడ్డాక రెండడుగులు వేసి బీరువా అంచు అందుకుంది.

అక్కడ ఆగింది. ఎందుకో చెయ్యి ముందుకి వెళ్ళలేదు.

ముందంతా నలుపు. కుర్చీ ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు. నోట్లోంచి తను అనుకోని మాట ఊడిపడింది.

"కుర్చీ ఉందా?"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సన్నగా... నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు.

కిటికీ వైపు నుంచి జవాబొచ్చింది.

"ఉందిలే."

అది అమ్మ గొంతు కాదు. అమ్మ గొంతయినా ఆమె అంత బెదిరేది కాదు. అది తన గొంతు. ఆ విసుగు తనది. తలెత్తకుండా, చూడకుండా, కుట్టు మీదినుంచి కళ్ళు తియ్యకుండా అనే ఆ 'లే' తనది.

"ఎవరూ?"

వాన. వాన ఒక్కటే.

టార్చి మిషను మీద ఉంది. అంటే ఆ గొంతు వైపుకే వెళ్ళాలి. వెనక్కి మంచానికి తిరుగుదామంటే కాళ్ళు కదలడం లేదు. చెమట. బీరువా అంచు మీద వేళ్ళు జారుతున్నాయి.

"అమ్మా... ఉందా?" అంది మళ్ళీ.

జవాబు లేదు.

కుర్చీ ఎక్కడికి పోతుంది? మూడేళ్ళుగా కదల్లేదు. పొద్దున్నేగా సుద్ద గీతలు దిద్దింది. ఉంది. ఉండే తీరాలి. మోకాళ్ళు వంగిపోతున్నాయి... ఇంక ఆగలేదు. చెయ్యి చాపింది. నమ్మకంగా, ఒళ్ళు బరువంతా ఆ చేతి మీద వేసి.

చేతికి ఏమీ తగల్లేదు.

మణికట్టు పటుక్కుమనడం చెవికి వినపడింది. తర్వాత తుంటి దగ్గర నిప్పు. చెంప కింద చల్లటి గచ్చు. కాసేపు ఊపిరి కూడా అందలేదు.

అప్పుడు... కిటికీ దగ్గర...

గర్రు...

గచ్చు మీద చెక్క రాసుకుంటోంది. తొందర లేకుండా. గర్రు... ఆగి... గర్రు... అది ఆమె తల పక్కనుంచే వెళ్ళింది. జుట్టుకి గాలి తగిలింది. కొంచెం ముందుకెళ్ళి ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. సరిగ్గా కుదిరిందో లేదో ఎవరో చూసుకుంటున్నంత సేపు.

ముందు కుర్చీ.

తర్వాత అడుగులు. ఒట్టి కాళ్ళు, ఒకటి ఈడుస్తూ. దగ్గరికొస్తున్నాయి. నొప్పుల మందు వాసన గుప్పుమంది. నమ్ముతారో లేదో, ఆ క్షణంలో టైలరమ్మకి భయం పోయింది. చిన్నపిల్లలా ఏడుపొచ్చింది. "అమ్మా... లేపవే," అంది.

అడుగులు ఆమె పక్కనే ఆగాయి.

నిలబడ్డాయి.

వెనక్కి వెళ్ళిపోయాయి.

స్టూలు కిర్రుమంది. టక్. టక్. టక్... టకటకటక. మిషను మొదలైంది.

"నేనే జరిపానమ్మా," అని అరిచింది టైలరమ్మ. "నేనే. కళ్ళు తిరగలేదు నీకు. అందరితో చెప్తాను. తమ్ముడితో చెప్తాను. లేపవే!"

మిషను ఒక్క క్షణం ఆగింది.

విన్నది. ఎవరో చెవి ఒగ్గి, పూర్తిగా, శుభ్రంగా విన్నారు.

మళ్ళీ మొదలైంది.

తెల్లారి పక్కింటావిడ తలుపు కొట్టీ కొట్టీ, అనుమానమొచ్చి మనుషుల్ని పిలిచి గడియ విరగ్గొట్టించింది. టైలరమ్మ పెదవులు ఎండిపోయి అంటుకుపోయాయి.

"రాత్రంతా పిలిచాను," అంది ఎలాగో.

"అయ్యయ్యో, వినపడలేదే తల్లీ!" అని ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. "తెల్లవార్లూ మీ మిషను చప్పుడు వస్తూనే ఉందిగా. ఈ చీకట్లో ఏం కుడుతోందమ్మా ఈవిడ, ఎంత ఓపికో, అనుకున్నాను."

మనుషులు మోసుకెళ్తుంటే టైలరమ్మ తల తిప్పి చూసింది. కుర్చీ దాని చోటే ఉంది. నాలుగు కాళ్ళూ నాలుగు సుద్ద గీతల్లో ఉన్నాయి.

తుంటి విరగలేదు, కమిలింది. మణికట్టుకి కట్టు కట్టారు. అదే డాక్టరు. పక్కన ఫారంతో అదే ఫిజియో అమ్మాయి. తమ్ముడు ఆఫీసు మానుకుని వచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"ఎలా పడ్డారు?" అన్నాడు డాక్టరు.

టైలరమ్మ ముగ్గుర్నీ చూసింది. "కుర్చీ జరిగింది," అంది. "అమ్మ మొదటిసారి పడ్డప్పుడూ అంతే. కళ్ళు తిరిగి కాదు. నేను కుర్చీ జరిపాను. జరిపి, అమ్మ పడ్డాక మళ్ళీ పెట్టేశాను. మీ అందరితో అబద్ధం చెప్పాను. తమ్ముడూ, అమ్మ తప్పేం లేదురా."

తమ్ముడు ఆమె పాదం మీద చెయ్యి వేసి మెల్లిగా నిమిరాడు.

"రాత్రంతా కింద పడి ఉంది కదండీ, ఏదేదో అంటోంది," అన్నాడు డాక్టరుతో. "నేను చూసే వచ్చాను. కుర్చీ ఎక్కడుండేది అక్కడే ఉంది. కళ్ళు తిరిగి ఉంటాయి."

డాక్టరు తలూపి కలం తీశాడు. "ఈ వయసులో మామూలే. ఒక మాత్ర రాస్తాను." ఫిజియో అమ్మాయి ఒకసారి టైలరమ్మ ముఖంలోకి చూసింది. ఏదో అడగబోయినట్టే ఉంది. మళ్ళీ తల వంచి ఫారంలో ఒక అడ్డగీత పెట్టింది. మూడేళ్ళు దాచుకున్న నిజం అర నిమిషంలో చెత్తబుట్టలో పడింది. తనే అమ్మిన అబద్ధం, తనకే ఎక్కువ ధరకి తిరిగొచ్చింది.

మూడో రోజు తమ్ముడు ఇంటికి తీసుకొచ్చాడు. మంచం మీద పడుకోబెట్టాడు, కొత్త మాత్ర వేశాడు. "మిగతా మందులు తెస్తాను. అరగంట. లేవకేం?" అన్నాడు. లేస్తుందేమోనని తలుపుకి బయట తాళం వేసుకుని వెళ్ళాడు. మంచివాడే. అక్క అంటే ప్రాణం కూడాను.

పట్టపగలు పదకొండు గంటలు. కిటికీలోంచి ఎండ గది నిండా పడుతోంది. మాత్రకి తల దిమ్ముగా ఉంది. పావుగంట ఓర్చుకుంది. ఇంక ఓర్చుకోలేక లేచింది. మంచం పట్టె. బీరువా అంచు.

ఎదురుగా కుర్చీ. నల్లగా నున్నబడ్డ వీపు ఎండకి మెరుస్తోంది. నాలుగు కాళ్ళూ నాలుగు గీతల్లో. కళ్ళారా కనపడుతోంది. అయినా చెయ్యి ముందుకి వెళ్ళనంది.

"కుర్చీ... ఉందా?" అంది.

అడుగుతూ కిటికీ వైపు చూసింది. స్టూలు ఖాళీ. మిషను సూది కింద ఒక చొక్కా ఉంది. మూడేళ్ళ కిందట బీరువా అడుగున కుక్కేసిన చొక్కా. కాలరు ఇంకా నాలుగు వేళ్ళు మిగిలింది. చక్రం నెమ్మదిగా తిరుగుతోంది.

ఆమె గొంతు వినగానే ఆగింది.

టైలరమ్మ బీరువా అంచు పట్టుకుని జవాబు కోసం నిలబడింది. మోకాళ్ళు వణకడం మొదలెట్టాయి. తమ్ముడు రావడానికి ఇంకా పావుగంట ఉంది.

చక్రం మళ్ళీ తిరగసాగింది.